ఒక్కరినే అడిగే ప్రశ్న

అమెరికా రాజ్యాంగం ఆరో అధికరణం చివర ఒక చిన్న వాక్యం ఉంది. ఆ దేశంలో ఏ ప్రభుత్వ పదవికీ మతాన్ని అర్హతగా పెట్టి పరీక్షించకూడదన్నది దాని సారం. 1787లో రాసుకున్న మాట అది. అప్పటికి ఇంగ్లండులో కొలువు కావాలంటే ఆంగ్లికన్ చర్చిలో ప్రభు భోజనం తీసుకున్నట్టు రుజువు చూపాలి. అమెరికాలోనే కొన్ని రాష్ట్రాల్లో ఫలానా విశ్వాసం నాకుంది అని ప్రమాణం చేస్తేగాని పదవిలోకి రానిచ్చేవారు కాదు. ఆ రోజుల్లో అలాంటి వాక్యం రాయడం సాహసమే.

అయితే ఆ వాక్యం కట్టడి చేసింది ప్రభుత్వాన్ని మాత్రమే. బూత్‌లో తెర చాటున నిలబడ్డ ఓటరు మనసులో ఏ పరీక్ష పెడుతున్నాడో, అందులో ఎవరిని తప్పిస్తున్నాడో ఏ న్యాయస్థానమూ అడగజాలదు. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ తెర చాటు పరీక్ష గురించి. అభ్యర్థి మతం ఓటరు మీద ఎంత పనిచేస్తుంది? మతం గురించి అడగడం ఎప్పుడు న్యాయం, ఎప్పుడు వట్టి ద్వేషం? దీనికి అమెరికానే ఎందుకు తీసుకున్నానంటే, అక్కడ ఒక క్యాథలిక్ అభ్యర్థి 1928లో ఓడాడు, ఇంకొక క్యాథలిక్ అభ్యర్థి 1960లో గెలిచాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

మొదటి మనిషి ఆల్ఫ్రెడ్ స్మిత్. అందరూ ఆల్ స్మిత్ అనేవారు. న్యూయార్క్‌లో లోయర్ ఈస్ట్ సైడ్ అనే బీదల పేటలో పుట్టాడు. తండ్రి పోవడంతో చిన్నతనంలోనే బడి మానేసి, ఫుల్టన్ చేపల మార్కెట్లో పనికి కుదిరాడు. 1911లో న్యూయార్క్‌లో ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీ తగలబడి 146 మంది కార్మికులు చనిపోయారు. ఎక్కువమంది ఆడపిల్లలు. ఆ ఘటన మీద వేసిన విచారణ సంఘంలో స్మిత్ కూడా ఉన్నాడు. కార్మికుల భద్రతకు గట్టి చట్టాలు తేవడంలో ముందు నిలిచాడు. తర్వాత నాలుగుసార్లు న్యూయార్క్ రాష్ట్ర గవర్నరుగా గెలిచాడు. 1928లో డెమోక్రటిక్ పార్టీ అతన్ని అధ్యక్ష పదవికి నిలబెట్టింది. ఒక పెద్ద పార్టీ క్యాథలిక్‌ను ఆ పదవికి నిలబెట్టడం అదే మొదటిసారి.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో క్యాథలిక్కుల ఆర్‌సీఎం చర్చి, లూథరన్ చర్చి, బాప్టిస్టు చర్చి దగ్గర దగ్గరలోనే కనిపిస్తాయి. బయటివాళ్లకు అందరూ క్రైస్తవులే. అమెరికాలో అప్పుడు అలా కాదు. ప్రొటెస్టెంట్లకూ క్యాథలిక్కులకూ మధ్య యూరప్‌లో జరిగిన మత యుద్ధాల జ్ఞాపకం సముద్రం దాటి వెంట వచ్చింది. క్యాథలిక్కులు రోములోని పోప్ మాటకు కట్టుబడతారు గనుక, క్యాథలిక్ అధ్యక్షుడు వైట్‌హౌస్‌లో కూర్చున్నా ఆజ్ఞలు వాటికన్ నుంచే వస్తాయని భయం. దానికి తోడు ఐర్లండు నుంచి, ఇటలీ నుంచి, పోలండు నుంచి ఓడలెక్కి వచ్చిన బీద జనంలో క్యాథలిక్కులే ఎక్కువ. కాబట్టి మతం పేరుతో పైకి వచ్చిన కోపంలో వలసవచ్చినవాడి మీద అసహనం ఉంది, పేదవాడి మీద చులకన ఉంది. మత ద్వేషం ఒంటరిగా రావడం అరుదు.

ప్రచారం ఎంత దూరం పోయిందో చెబితే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు. 1927లో న్యూయార్క్‌కూ న్యూజెర్సీకీ మధ్య, హడ్సన్ నది కింద, హాలండ్ సొరంగం తెరిచారు. ఆ సొరంగం దగ్గర స్మిత్ నిలబడ్డ ఫొటోలు పంచిపెట్టి, ఇది అట్లాంటిక్ సముద్రం కిందుగా వాటికన్‌కు తవ్విస్తున్న రహస్య మార్గం అని చెప్పారు. స్మిత్ రైలు ఓక్లహోమాలో అడుగుపెడుతుంటే పట్టాల పక్క పొలాల్లో కూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి ద్వేష సంఘం వాళ్లు శిలువలు తగలబెట్టారు. అతను వెనక్కి తగ్గకుండా ఓక్లహోమా సిటీలోనే, ఎదుటి పక్షం గుంపులో నిలబడి, ఈ మత ద్వేషం గురించే ప్రసంగించాడు.

ఇది మోటు ద్వేషం. దీన్ని గుర్తుపట్టడం సులభం. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచేది, అంతకు ఏడాది ముందు అట్లాంటిక్ మంత్లీ పత్రికలో వచ్చిన బహిరంగ లేఖ. చార్లెస్ మార్షల్ అనే న్యాయవాది ఎంతో మర్యాదగా, పోప్‌ల పత్రాలు ఉటంకిస్తూ, మీ చర్చి సిద్ధాంతానికీ మన రాజ్యాంగానికీ ఎలా పొత్తు కుదురుతుందో చెప్పమని స్మిత్‌ను అడిగాడు. మరుసటి నెల సంచికలో స్మిత్ జవాబిచ్చాడు. ఇన్నేళ్లు ప్రభుత్వంలో పనిచేశాను, నా మతానికీ నా విధికీ ఎక్కడా ఘర్షణ రాలేదు, నా పని చూసి మాట్లాడండి అన్నది దాని సారం. ఆ జవాబు తయారీలో సాయపడినవాళ్లలో ఒకరు క్యాథలిక్ ఫాదర్, మరొకరు యూదు న్యాయమూర్తి. జవాబు బాగుంది. అయినా అడగడంలోనే ఉన్న అన్యాయం పోలేదు. అప్పటికి అమెరికాను ఏలినవాళ్లలో ఒక్కరినైనా, మీ చర్చి సిద్ధాంతం రాజ్యాంగానికి సరిపోతుందో లేదో నిరూపించండి అని ఎవరూ నిలదీయలేదు.

స్మిత్ చిత్తుగా ఓడిపోయాడు. రిపబ్లికన్ అభ్యర్థి హెర్బర్ట్ హూవర్‌కు 444 ఎలక్టోరల్ ఓట్లు, స్మిత్‌కు 87. సొంత రాష్ట్రం న్యూయార్క్ కూడా అతని పక్షాన నిలవలేదు. మతం వల్లే ఓడాడని నేను చెప్పను. దేశం అప్పుడు సిరిసంపదలతో ఉంది, అధికారంలో ఉన్నది రిపబ్లికన్లు. మద్యనిషేధం ఎత్తివేయాలన్నది స్మిత్ వైఖరి, పల్లె జనానికి అది గిట్టలేదు. అతని న్యూయార్క్ యాస రేడియోలో దక్షిణాది ఇళ్లలోకి వెళ్లి, పరాయివాడన్న భావాన్ని పెంచింది. ఇవన్నీ నిజమే. కానీ యాభై ఏళ్లకు పైగా రిపబ్లికన్ అభ్యర్థికి మెజారిటీ ఇవ్వని టెక్సాస్, ఫ్లోరిడా, వర్జీనియా, నార్త్ కరోలినా ఆ ఒక్కసారి పార్టీ మార్చాయి. విచిత్రమేమిటంటే మిసిసిపి, అలబామా, జార్జియా వంటి రాష్ట్రాలు స్మిత్‌తోనే ఉండిపోయాయి. అది ఉదారత కాదు. డెమోక్రటిక్ పార్టీ అప్పట్లో అక్కడ తెల్లవారి ఆధిపత్యానికి కాపలా పార్టీ. నల్లవారి మీద ద్వేషం క్యాథలిక్ మీద అనుమానాన్ని మించిపోయింది. ఒక ద్వేషం ఇంకో ద్వేషాన్ని ఓడించింది, అంతే.

ఆ తర్వాత ముప్పై రెండేళ్లపాటు ఏ పెద్ద పార్టీ కూడా క్యాథలిక్‌ను అధ్యక్ష పదవికి నిలబెట్టే ధైర్యం చేయలేదు. 1960లో జాన్ కెనడీ వచ్చేదాకా.

కెనడీకి స్మిత్‌కు లేనివి చాలా ఉన్నాయి. తండ్రి సంపద ఉంది, హార్వర్డ్ చదువు ఉంది, యుద్ధంలో నౌకాదళ సేవ ఉంది. అన్న అదే యుద్ధంలో చనిపోయాడు. అయినా పార్టీ పెద్దలకు భయమే. పార్టీ అభ్యర్థిని ఎంచుకునే విస్కాన్సిన్ ప్రైమరీలో పోటీదారు హ్యూబర్ట్ హంఫ్రీ మీద గెలిచినా, అది క్యాథలిక్ ఓట్లతో వచ్చిన గెలుపేనని విశ్లేషకులు కొట్టిపారేశారు. కాబట్టి పరీక్ష వెస్ట్ వర్జీనియాకు మారింది. బొగ్గు గనుల రాష్ట్రం. జనంలో క్యాథలిక్కులు నూటికి అయిదుగురు కూడా లేరు. అక్కడ కెనడీ దాటవేయకుండా నేరుగా మతం సంగతే ఎత్తాడు. అధ్యక్షుడు ప్రమాణం చేసేటప్పుడు చేయి బైబిల్ మీద ఉంటుంది, చర్చినీ రాజ్యాన్నీ వేరుగా ఉంచే రాజ్యాంగాన్ని కాపాడతానని దేవుడి ఎదుట ఒట్టు వేస్తాడు, ఆ ఒట్టు తప్పితే అది దేవుడి పట్ల పాపమే అని టెలివిజన్‌లో చెప్పాడు. మే 10న నూటికి అరవై ఓట్లతో గెలిచాడు. డబ్బు కూడా బాగా ఖర్చు పెట్టారు, ఆ మాట దాచను. కానీ నాకు వాదించే అవకాశం ఇవ్వండి అని అడిగితే, ప్రొటెస్టెంటు గని కార్మికులు ఆ అవకాశం ఇచ్చారు. ఓటరు మనసు రాయి కాదని ఆ రాష్ట్రం చూపించింది.

కెనడీ పార్టీ అభ్యర్థి అయ్యాక, సెప్టెంబరులో మళ్లీ కదలిక మొదలైంది. నార్మన్ విన్సెంట్ పీల్ అనే పేరున్న పాస్టరు, ఇంకా 150 మంది దాకా ప్రొటెస్టెంట్ ప్రముఖులు వాషింగ్టన్‌లో సమావేశమై, క్యాథలిక్ అధ్యక్షుడు చర్చి ఒత్తిడి తట్టుకోలేడని ప్రకటన ఇచ్చారు. దాన్ని ఖండించినవాళ్లలో రైనోల్డ్ నీబుర్ వంటి ప్రొటెస్టెంట్ పండితులే ముందున్నారు. ఇది నేను ప్రత్యేకంగా చెప్పదలచుకున్న విషయం. మత ద్వేషాన్ని ఆపగలిగేది, ద్వేషించేవారి చర్చిలోంచే, గుడిలోంచే, మసీదులోంచే లేచిన గొంతు.

అయిదు రోజులకు, సెప్టెంబరు 12న, కెనడీ హ్యూస్టన్ నగరంలో ప్రొటెస్టెంట్ పాస్టర్ల సంఘం ముందుకు వెళ్లాడు. ఎదుట కూర్చున్నవాళ్లలో చాలామందికి అతనంటే నమ్మకం లేదు. నేను క్యాథలిక్కుల అభ్యర్థిని కాను, డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థిని, క్యాథలిక్‌గా కూడా ఉన్నాను అన్నాడు. టెక్సాస్ వాళ్లకు పవిత్రమైన అలమో యుద్ధంలో చనిపోయినవాళ్లలో మెకాఫర్టీలు, ఫ్యుయెంటెస్‌లు ఉన్నారు, వాళ్లు క్యాథలిక్కులో కాదో ఎవరికీ తెలియదు, అక్కడ ఎవరూ మతం అడగలేదు అని గుర్తుచేశాడు. ఇవాళ వేలు నా వైపు ఉంది, గతంలో యూదు వైపు, క్వేకర్ వైపు, బాప్టిస్టు వైపు ఉండేది, రేపు మీ వైపే తిరగవచ్చు అన్నాడు. మనస్సాక్షికీ దేశ ప్రయోజనానికీ పొసగని రోజు వస్తే రాజీనామా చేస్తానన్నాడు. తర్వాత ఎంతసేపో ప్రశ్నలకు జవాబిచ్చాడు. ఆ సభ ఫిల్మును పార్టీ వాళ్లు దేశమంతా చూపించారు.

గొప్ప ప్రసంగమే. కానీ దాని వెనకున్న లెక్క ఒకటి చూడండి. కెనడీ ప్రత్యర్థి రిచర్డ్ నిక్సన్ క్వేకర్ కుటుంబంలో పుట్టినవాడు. 1928లో గెలిచిన హూవర్ కూడా క్వేకరే. క్వేకర్ల సంప్రదాయం యుద్ధాన్ని ఒప్పుకోదు, ఆయుధం పట్టడాన్ని ఒప్పుకోదు. అమెరికా అధ్యక్షుడేమో సర్వసైన్యాధిపతి, అదీ అణుబాంబులున్న కాలం. మరి యుద్ధం వస్తే మీరు మీ చర్చి మాట వింటారా, సైన్యాన్ని నడిపిస్తారా అని నిక్సన్‌ను ఎవరైనా ఒక హాలులో నిలబెట్టి గంటసేపు అడిగారా? లేదు. అడగనక్కర్లేదని అందరికీ తెలుసు, ఎందుకంటే అతను మనవాడు. నిక్సన్ ఆ ఎన్నికలో మతం ఎత్తవద్దని తన వాళ్లకు చెప్పిన మాట నిజమే, అది అతని మర్యాద. అయినా పరీక్ష రాయాల్సి వచ్చింది ఒక్కరికే.

మనకు సంబంధించిన ఉదాహరణ ఇంకొకటి. 1959 చివర్లో, భారతదేశం వంటి దేశాల్లో కుటుంబ నియంత్రణకు అమెరికా డబ్బు ఇవ్వవచ్చా అన్న చర్చ లేచింది. క్యాథలిక్ బిషప్పులు ఇవ్వకూడదన్నారు. వెంటనే కెనడీని అడిగారు, మీరేం చేస్తారని. ఇది న్యాయమైన ప్రశ్నే. ప్రజల డబ్బు, ప్రజల విధానం, అభ్యర్థి చెప్పి తీరాలి. వేరే దేశాలకు మనం అలా బోధించడం పొరపాటు, చట్టం ముందుకు వస్తే దేశ ప్రయోజనం చూసి నిర్ణయిస్తాను అన్నాడు. కొద్ది రోజుల్లోనే అప్పటి అధ్యక్షుడు ఐజన్‌హోవర్ కూడా ఇది ప్రభుత్వం తలదూర్చవలసిన పనే కాదన్నాడు. ఆయన ప్రెస్బిటీరియన్. ఆయన మాటను ఎవరూ ఆయన చర్చికి అంటగట్టలేదు. కెనడీ మాటలో మాత్రం పోప్ గొంతు వినిపించింది కొందరికి. ప్రశ్న ఎంత న్యాయమైనదైనా, జవాబును తూచే రాయి ఇద్దరికీ ఒకటి కాకపోతే అది పక్షపాతమే. అభ్యర్థిని నమ్మకం గురించి అడగవచ్చు, ఆ నమ్మకం పాలనలో ఏ రూపం తీసుకుంటుందో అడగవచ్చు. అందరినీ అడగాలి.

1960లోనే ఇంకో ఘట్టం కూడా జరిగింది. మార్టిన్ లూథర్ కింగ్ తండ్రి, అట్లాంటాలో పేరున్న బాప్టిస్టు పాస్టరు, క్యాథలిక్‌కు ఓటు వేయలేనన్నాడు. నల్లవాడిగా జీవితమంతా వివక్ష అనుభవించిన మనిషి! అక్టోబరులో మార్టిన్ లూథర్ కింగ్‌ను జైల్లో పెట్టినప్పుడు కెనడీ ఆయన భార్య కొరెట్టాకు ఫోన్ చేసి ఓదార్చాడు. తండ్రి మనసు మారింది, నా ఓటు కెనడీకే అని బాహాటంగా చెప్పాడు. ఈ కథను ఫోన్ కాల్ మహిమగా చెబుతుంటారు. నాకు అందులో కనిపించేది వేరు. బాధితుడైనంత మాత్రాన ఎవరూ ఈ జబ్బుకు అతీతులు కారు. మైనారిటీగా ఉన్న మనిషి కూడా మరో మైనారిటీని అనుమానించగలడు.

కెనడీ గెలిచాడు, సుమారు లక్షా పదిహేను వేల ఓట్ల తేడాతో. అంటే నూటికి పావు ఓటు కూడా కాదు. క్యాథలిక్కుల్లో ప్రతి నలుగురిలో ముగ్గురికి పైగా అతనికే వేశారు. మతం వల్ల వచ్చిన ఓట్లు, పోయిన ఓట్లు బేరీజు వేసి, మొత్తం మీద నూటికి రెండు ఓట్ల దాకా నష్టమే జరిగిందని మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అంచనా కట్టారు. పోయినవి ఎక్కువగా దక్షిణాదిలో పోయాయి, వచ్చినవి ఉత్తరాది పెద్ద రాష్ట్రాల్లో పనికొచ్చాయి. తన మతం వాడని ఓటు వేసిన క్యాథలిక్‌ను కూడా ఈ లెక్కలో కలుపుకోవాలి. అభిమానంతో వేసినా, ద్వేషంతో మానినా, అభ్యర్థి పనిని పక్కన పెట్టినట్టే. అయితే రెండింటినీ సమానం అనలేను. ఎన్నడూ గద్దె ఎక్కని జనం ఒక్కసారి మా వాడు అనుకోవడం వేరు, ఎప్పుడూ గద్దె మీదున్న జనం పరాయివాణ్ని రానివ్వకపోవడం వేరు.

తర్వాత కథ త్వరగా నడిచింది. 2004లో క్యాథలిక్ అభ్యర్థి జాన్ కెర్రీకి క్యాథలిక్ ఓట్లలో సగం కూడా రాలేదు. 2012లో మార్మన్ మతస్థుడు మిట్ రామ్నీకి, మార్మన్లను క్రైస్తవులుగానే ఒప్పుకోని ఎవాంజెలికల్ ఓటర్లు గంపగుత్తగా వేశారు. పార్టీ ముందు మతం తలవంచింది. క్యాథలిక్కే అయిన జో బైడెన్ విషయం మరీ తలకిందులు. పోప్ మాట వింటాడేమోనని కెనడీని అనుమానించారు. గర్భస్రావం విషయంలో చర్చి బోధన వినడం లేదని, బైడెన్‌కు సత్ప్రసాదమే ఇవ్వకూడదని 2021లో కొందరు బిషప్పులు వాదించారు. గాలప్ సంస్థ 2015లో అడిగితే, అర్హుడైతే క్యాథలిక్‌కు ఓటు వేస్తామన్నవారు నూటికి 93 మంది. ముస్లింకైతే 60, నాస్తికుడికైతే 58. అనుమానం చావలేదు, క్యాథలిక్‌ను వదిలి వేరొకరి మీదకు వెళ్లింది.

ఇక్కడ మన గడ్డతో ముడిపడిన ముచ్చట ఒకటి చెబుతాను. హైదరాబాదులో 1964లో పుట్టిన ఇద్దరు ఆడవాళ్లు చిన్నతనంలోనే అమెరికా వెళ్లారు. ఒకరు అరుణా మిల్లర్, కాట్రగడ్డ వారి ఆడపడుచు. 2023 జనవరిలో భగవద్గీత మీద ప్రమాణం చేసి మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నరయ్యారు. ఇంకొకరు గజాలా హాష్మీ. 2025 నవంబరులో పక్క రాష్ట్రం వర్జీనియాలో అదే పదవికి ఎన్నికయ్యారు. అమెరికాలో ఒక రాష్ట్రమంతటి ఓటుతో గెలిచిన మొదటి ముస్లిం మహిళ ఆమే. వర్జీనియా అంటే జెఫర్సన్ మత స్వేచ్ఛ చట్టం 1786లో వచ్చిన చోటు. 1928లో ఆల్ స్మిత్‌ను కాదన్న చోటు కూడా అదే.

ఇక మన దేశం సంగతి. ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ ప్రకారం మతం, కులం, భాష పేరు చెప్పి ఓటు అడగడం అవినీతి చర్య. 2017 జనవరి 2న ఏడుగురు సభ్యుల సుప్రీంకోర్టు ధర్మాసనం, అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా అది వర్తిస్తుందని తీర్పు చెప్పింది. నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు. ఆ ముగ్గురూ అన్నది, మతం వల్లనో కులం వల్లనో అన్యాయానికి గురైనవాళ్లు ఎన్నికల్లో ఆ బాధ చెప్పుకోకుండా నోరు కట్టేసినట్టవుతుందని. ఆ భయంలో బలం ఉంది. ఎలా చూసినా చట్టం వేదిక మీద మాటను ఆపగలదు, తెర చాటు ఆలోచనను ఆపలేదు. అది ఓటరు బాధ్యత.

చివరగా, విదేశాల్లో ఓటున్న తెలుగువారికి ఒక మనవి. 2016 లండన్ మేయరు ఎన్నికలో, ముస్లిం అభ్యర్థి సాదిక్ ఖాన్ గెలిస్తే మీ ఇంటి బంగారు నగల మీద పన్ను పడుతుందని భయపెడుతూ భారతీయ కుటుంబాలకు ప్రత్యేకంగా కరపత్రాలు వెళ్లాయి. పేర్లు చూసి, మతం ఊహించి పంపిన కాగితాలవి. ఖాన్ గెలిచాడు. అలాంటివి ఇప్పుడు వాట్సాప్‌లో వస్తున్నాయి, మన భాషలోనే వస్తున్నాయి. ఫార్వర్డ్ చేసే ముందు ఒక్క పని చేయండి. అందులో అభ్యర్థి మతం తీసేసి, మీ మతం పేరు పెట్టి చదవండి. అప్పుడు కూడా అది న్యాయంగా అనిపిస్తేనే పంపండి. మీ ఇంటికి ఓట్లడగడానికి వచ్చినవాళ్లందరినీ ఒకే ప్రశ్న అడగండి, మీ నమ్మకం లేనివాళ్ల వీధికి నీళ్లు, బడి, రక్షణ ఎలా ఇస్తారని. జవాబు చూసి ఓటు వేయండి.